లెక్కకు రాని పరుగు

మన ఊళ్లలో క్రికెట్ ఎట్లాగో, అమెరికా వారికి బేస్‌బాల్ అట్లాగు. అక్కడ స్థిరపడిన మా అక్క కుమారుడు సెలవులకు వచ్చినప్పుడు ఒక ఆట పెట్టె తెచ్చాడు. పేరు స్ట్రాట్-ఓ-మ్యాటిక్. హాల్ రిచ్‌మన్ అనే ఆయన 1961లో దీనిని అమ్మకానికి తెచ్చాడు. ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క అట్టముక్క ఉంటుంది. పాచికలు వేసి, దాని మీది అంకెల ప్రకారం ఆట నడపాలి. ఎన్నడో గతించిన ఆటగాళ్లు కూడా ఇందులో మరల మైదానానికి వస్తారు.

బ్యాటు పట్టినవానికి అంకెలు వేయడం సులభమే. కొట్టిన దెబ్బలు పుస్తకంలో ఉన్నవి. బంతి ఆపేవాని సంగతే చిక్కు. పూర్వపు లెక్కలలో ముఖ్యంగా కనబడేవి అతడు పట్టినవి, విసిరి అవుట్ చేయించినవి, చేసిన తప్పులు. ఇందులో ఒక అన్యాయమున్నది. బద్ధకస్తుడు బంతి దాకా పోనే పోడు గనుక అతనికి తప్పు పడదు. చురుకైనవాడు ప్రాణం పెట్టి పరుగెత్తి, చేయి తగిలించి జారవిడిస్తే అతని పేర తప్పు పడవచ్చును. కాగితం మీద బద్ధకస్తుడే మంచివాడు!

అందుకే ఈ ఆటలో రెండు అంకెలు వేరువేరుగా ఇస్తారు. 1 నుండి 5 వరకు ఉండే అంకె బంతిని అందుకొనే నేర్పును చెబుతుంది. 1 అన్నిటికంటె మేలు. తప్పుల అంకె వేరు.

నల్లజాతి ఆటగాళ్ల విషయం మరింత బాధాకరం. 1947లో జాకీ రాబిన్సన్ అడుగుపెట్టే వరకు, దశాబ్దాల పాటు పెద్ద లీగులు వారికి తలుపు మూసివేశాయి. వారి సొంత లీగుల లెక్కలు చెదరిపోయాయి. ఆస్కార్ చార్లెస్టన్ గొప్ప సెంటర్ ఫీల్డరని చూచినవారు చెప్పారు. ఆయన 1954లో మరణించాడు. 1976లో గాని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరకలేదు. పరిశోధకులు పాత వార్తాపత్రికలు వెదకి కూర్చిన అంకెలను 2024లో మేజర్ లీగ్ తన లెక్కలలో చేర్చుకొన్నది. అయినను, ఆయన ఎంత దూరం పరుగెత్తి బంతిని అందుకొన్నాడో ఆ అంకెలు చెప్పలేవు. అక్కడ చూచినవారి సాక్ష్యమే ఆధారం.

ఇది ఆటతో పోయే మాట కాదు. కూరలో ఉప్పు ఎక్కువైన ఒక్క పూట ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది; సరిగా కుదిరిన వెయ్యి పూటలు ఎవరికీ గుర్తుండవు. పని ముట్టని చేతిలో కుండ పగలదు. తల్లిదండ్రులారా, బిడ్డ చేతిలో ఏదైనా పగిలిన దినాన, వాడు ఎంత దూరం పరుగెత్తి వచ్చి దానిని ఎత్తబోయాడో కూడా చూడండి. ఆ పరుగును చూచిన సాక్షులు మీరే.