హిల్ టాప్: కొండలతో పాటు మందలనూ రాసిచ్చిన వీలునామా

ఇంగ్లండు వాయవ్య భాగాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌లో, ఇనుప తాళ్ల ఆధారంగా నడిచే పంటు మీద విండర్‌మియర్ సరస్సును దాటి, పడమటి ఒడ్డు నుంచి ఇరుకుదారిన కొంత దూరం సాగితే నియర్ సారీ అనే చిన్న పల్లె వస్తుంది. అక్కడి హిల్ టాప్ అనే 17వ శతాబ్దపు రైతు ఇంటికి వచ్చేవారిలో చాలామందిని రప్పించేది పీటర్ రాబిట్ కథల రచయిత్రి బీట్రిక్స్ పాటర్ (1866–1943) మీది అభిమానమే. అయితే ఇల్లు చూసి అంతటితో వెనుదిరిగేవారు ఆమె చేసిన పనిలో పెద్ద భాగాన్ని చూడనట్టే, ఎందుకంటే అది చుట్టూ ఉన్న కొండల మీద, ఇప్పటికీ మేస్తున్న మందల్లో ఉంది.

పుస్తకాల రాబడికి బంధువు ఒకరి నుంచి సంక్రమించిన కొద్ది సొమ్మును చేర్చి ఆమె 1905లో ఈ కమతాన్ని కొన్నారు. 1913లో వివాహమాడిన విలియం హీలిస్ సమీపంలోని హాక్స్‌హెడ్‌లో న్యాయవాది కావడం వల్ల, తర్వాతి కొనుగోళ్లకు ఇంట్లోనే సలహా దొరికింది. 1930లో మాంక్ కోనిస్టన్ అనే పెద్ద ఎస్టేటు ముక్కలై అమ్ముడుపోయే ప్రమాదం వచ్చినప్పుడు ఆమె దాన్ని మొత్తంగా కొని, సగభాగాన్ని కొన్న ధరకే నేషనల్ ట్రస్టుకు ఇచ్చి, ఆ భాగాన్ని కూడా కొన్నేళ్ల పాటు తానే దగ్గరుండి చూసుకున్నారు. మరణానంతరం జరగవలసిన దానాన్ని బతికుండగానే ఆచరించి చూసిన ఈ జాగ్రత్త, వీలునామా కంటే తక్కువ విలువైనది కాదు.

నేషనల్ ట్రస్టు 1895లో ఏర్పడిన ధార్మిక సంస్థ. ప్రకృతి శోభ గల నేలలను, చారిత్రక కట్టడాలను ప్రజల కోసం శాశ్వతంగా కాపాడడం దాని ధ్యేయం. 1907 నాటి చట్టం ప్రకారం ఆ సంస్థ తన భూమిని అన్యాక్రాంతం కానిదిగా, అంటే అమ్మడానికి వీల్లేనిదిగా, ప్రకటించవచ్చు. అలా ప్రకటించిన నేలను సంస్థ మనసు మారినా అమ్ముకోలేదు. దేవుడి మాన్యం అమ్మకూడదన్న భావన ఎరిగిన తెలుగు పాఠకులకు దీని ఆంతర్యం సులభంగానే బోధపడుతుంది. పాటర్ మరణంతో ఈ సంస్థకు 4,000 ఎకరాలకు పైగా భూమి, 14 కమతాలు, ఇళ్లు, పశువులు, గొర్రెల మందలు దఖలు పడ్డాయి.

ఈ దానంలో మందల పాత్ర ప్రత్యేకంగా గమనించదగినది. ఇక్కడి హెర్డ్‌విక్ జాతి గొర్రెపిల్ల నల్లగా పుడుతుంది. పెరిగేకొద్దీ ముఖం తెల్లబడి, ఉన్ని బూడిదరంగుకు తిరుగుతుంది. కొండపై ఉమ్మడి బీళ్లకు కంచెలుండవు, అయినా మంద చెదరదు, ఎందుకంటే పిల్ల తల్లి వెంట తిరుగుతూ తమ మేత హద్దును నేర్చుకుంటుంది, అది పెద్దదై తన పిల్లకు నేర్పుతుంది. ఇలా తరతరాలుగా మంద ఎరిగిన మేతపట్టును స్థానికులు 'హీఫ్' అంటారు. ఎవరి గొర్రె ఏదో ఉన్నిపై పూసిన రంగు గుర్తు, చెవి కోత చెబుతాయి. కౌలుదారు మారినా మంద కమతాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. వెళ్లేవారు దాన్ని వచ్చేవారికి అప్పగించి పోతారు. కొండ కమతాల్లో స్వచ్ఛమైన హెర్డ్‌విక్ మందలనే కొనసాగించాలని పాటర్ కోరడం వెనుక ఈ ఎరుక ఉంది. మందను ఒకసారి తొలగిస్తే, కొత్తగా తెచ్చిన గొర్రెలకు హద్దు నేర్పే తల్లి ఉండదు. 2001లో గాలికుంటు వ్యాధి కంబ్రియా జిల్లాను ముంచెత్తి వేల గొర్రెలను వధించవలసి వచ్చినప్పుడు కాపరులను కలవరపెట్టినది ఈ నష్టమే.

లోయల్లోని రాతిగోడలదీ ఇదే తీరు. సున్నం, సిమెంటు లేకుండా రెండు వరుసలుగా రాళ్లు పేర్చి, నడుమ చిన్నరాళ్లు కూరి, అక్కడక్కడ రెండు వరుసలనూ పట్టి ఉంచే పొడవాటి రాయి అడ్డంగా పెడతారు. గోడ కూలినచోట మళ్లీ పేర్చే చేతులు లేకపోతే కొన్నేళ్లకు అది రాళ్లగుట్టే. అందుకే ఈ ప్రకృతిని కాపాడడమంటే, దాన్ని నిలబెట్టే శ్రమను, కౌలు బతుకును కూడా కాపాడడం అవుతుంది.

అధిక మేత వల్ల కొండలపై చెట్లు మొలవడం లేదని, వాలుల్లో నీరు నిలవడం లేదని నేడు ప్రకృతి శాస్త్రజ్ఞులు ఆక్షేపిస్తున్నారు. వారి వాదనను తోసిపుచ్చడం న్యాయం కాదు. కొన్నిచోట్ల మంద పరిమాణం తగ్గించి, వాగుల వెంట మొక్కలు నాటుతున్నారు. పాటర్ కోరినది మంద కొనసాగాలని. ఒక్కో కొండపై ఎన్ని గొర్రెలు మేయాలన్నది మాత్రం నేటి కౌలుదారులు, కాపరులు, ట్రస్టు కలిసి తేల్చుకోవలసిన విషయం.