చప్పిడిముక్కు చిట్టి

గడచిన వైశాఖమాసమున మా అమ్మాయికి ఢిల్లీలో ఉద్యోగమైనది. వెళ్ళిన పదునైదు దినములకే ఒకనాటి రాత్రి టెలిఫోను చేసి, "అమ్మా, చిట్టిని విమానంలో పంపించెయ్యండి. రెండు గంటల్లో నా దగ్గర ఉంటుంది" అని బతిమాలినది. చిట్టి మా పగ్ జాతి కుక్క. అది మా యింటికి వచ్చునాటికి అమ్మాయికి పదుమూడేండ్లు. తొమ్మిది సంవత్సరములు ఇద్దఱును ఒకే మంచముపై నిద్రించినారు. అమ్మాయి వెడలినది మొదలు చిట్టి వీధిగుమ్మమును విడువక, పెట్టిన దానిలో సగమైనను తినక, ఆటో చప్పుడైనప్పుడెల్ల చెవులు రిక్కించి చూచుచుండెను. దాని ముఖము చూడలేక మావారు మఱునాడే విమానపు టిక్కెట్ల విషయము విచారింప బూనిరి. రెండు గంటల ప్రయాణమునకు ఇంత ఆలోచన యేల యని మేమును అనుకొంటిమి.

మొదట విచారించిన కంపెనీవారు "ఏ జాతి కుక్క?" అని యడిగిరి. పగ్ అనగానే, అట్టి చప్పిడిముక్కు ప్రాణులను సామానుల యరలో ఎక్కించుకొనుట లేదనిరి. రెండవవారు ఎక్కించుకొందుము గాని, త్రోవలో ప్రాణమునకేమి జరిగినను తమకు పూచీ లేదని వ్రాసి యిమ్మనిరి. మనుష్యులు కూర్చుండు గదిలో సీటు క్రింద బుట్టలో నుంచుకొనుటకు కొందఱు సమ్మతింతురు గాని, బుట్టతో కూడ యిన్ని కిలోలకు మించరాదని నియమము. మా చిట్టి యొక్కతెయే పదునొకండు కిలోలు. బల్లలు కుర్చీలు పంపునప్పుడు విరిగినచో పూచీ లేదని వ్రాయించుకొందురు, అది యెఱుగుదుము. ప్రాణమున్న దానికిని అట్లు వ్రాయించుకొనుచున్నారనిన దీనికేదో కారణముండవలెనని తోచి, చిట్టిని పశువైద్యురాలి యొద్దకు తీసికొనిపోయితిమి.

ఆమె దానిని బల్లపై నిలిపి, చిన్న దీపము పట్టి, "ముక్కు చూడండమ్మా" అనెను. తొమ్మిదేండ్లు ముద్దులాడిన ముక్కును మేము అప్పుడు చూచితిమి. గుండ్రని రంధ్రములుండవలసిన తావున రెండు సన్నని గీట్లున్నవి. ఆమె చెప్పిన దేమనగా: ముఖము ముద్దుగా నుండుటకై ఈ జాతులలో తరతరములుగా పొట్టిముఖము గలవానినే జతపఱచుచు వచ్చిరి. ఎముక కుఱుచయైనది గాని, లోపలి కండయు, అంగిటి వెనుకటి మెత్తని పొరయు ఆ లెక్కను కుఱుచ కాలేదు. పెద్ద పరుపును చిన్న గలేబులో కుక్కినట్లు అదంతయు గొంతులో ముడుతలుపడి గాలిత్రోవకు అడ్డము వ్రేలాడును. కొన్నింటికి శ్వాసనాళమే సన్నము. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచి బుల్‌డాగ్, షిట్జు, పెకినీసు కుక్కలును, పర్షియను, హిమాలయను పిల్లులును ఈ కోవలోనివే.

"గురక పెడుతుంది కదమ్మా?" అని ఆమె యడిగెను. పెట్టకేమి! మా యింట అది పెద్ద వేడుక. బంధువులు వచ్చినప్పుడు మంచము చెంతకు పిలిచి మఱీ వినిపింతుము. సెల్‌ఫోనులో పట్టి అక్కచెల్లెండ్రకు పంపితిమి. 2003లో హచ్ టెలిఫోను ప్రకటనలో బాలుని వెంట నడచిన పగ్ కుక్కను చూచినది మొదలు అట్టిదే కావలెనని ముచ్చటపడిన యిండ్లలో మాదియు నొకటి. నాటినుండి మనవైపు దానికి హచ్ కుక్క యనియే పేరు. మా అత్తగా రొక్కరు మాత్రము చిట్టిని తెచ్చిన దినముననే, "ఇదేం కుక్కే, గోడకు గుద్దుకున్నట్టుంది! దీనికి ఊపిరాడుతుందా?" అనిరి. పెద్దవారి చాదస్తమని మేము నవ్వుకొంటిమి.

కుక్కకు మనవలె ఒడలంతయు చెమర్చదు. నాలుక చాచి రొప్పుటయే దానికి విసనకఱ్ఱ; నోటను ముక్కునను తడి ఆరుచుండగా ఒడలు చల్లబడును. గాలిత్రోవ యిఱుకైనది రొప్పుటకు ఎంత పాటుపడునో, ఆ పాటుచేతనే యొడలు మఱింత వేడెక్కును. గొంతులోని పొరలు వాచును. త్రోవ యింకను ఇఱుకగును. కుక్కకు 38 మొదలు 39 డిగ్రీల వఱకు ఒంటివేడి సహజము. 41 దాటినచో ప్రాణాపాయము. భయమును, ఎండయు, ఇఱుకు బోనును కలిసినప్పుడు చప్పిడిముక్కు కుక్క ఈ రెండంకెల నడుమనున్న దూరమును మిగిలిన కుక్కలకంటె త్వరగా గడచిపోవును.

విమానములో ఏమి జరుగునో తరువాత మావారును మేమును చదివి తెలిసికొంటిమి. సామానుల యరలో గాలియే యుండదని పలువు రనుకొందురు; అది నిజము కాదు. ప్రాణుల నుంచు అరలోను మనుష్యుల గదిలో నున్నంత గాలియొత్తిడియే యుండును. అయినను పైన ఎగురునప్పుడు ఆ యొత్తిడి సుమారు ఎనిమిదివేల అడుగుల కొండపై నున్నంత వఱకు తగ్గవచ్చును. అనగా ఊపిరికి అందు ప్రాణవాయువు నేలమీద అందుదానిలో ముప్పాతిక యన్నమాట. మనకది తెలియదు. గాలికై యెల్లప్పుడు పెనగులాడు ప్రాణికి తెలియును. నేలపైని యపాయము వేఱు. బోనును బండిపై విమానముకడకు చేర్చి, ఎక్కించి, తలుపులు మూసి, విమానము కదలువఱకు నంతయు ఆ వేడిలోనే గడవవలెను. చుట్టును యంత్రముల హోరు. ఎఱిగిన ముఖ మొక్కటియు నుండదు. శంషాబాదులో వేసవి మధ్యాహ్నపు టెండను తలచుకొనగానే మా అరచేతులు చెమర్చినవి.

అమెరికా ప్రభుత్వమువారు 2005 మే నెల మొదలు తమ విమాన కంపెనీలు ప్రాణుల మరణములను తెలుపవలెనని విధించి, ఆ లెక్కలను 2010లో జాతులవారీగా ప్రకటించిరి. ఆ అయిదేండ్లలో చనిపోయిన కుక్కలు 122. అందు సుమారు సగము చప్పిడిముక్కువే. బుల్‌డాగులు 25, పగ్‌లు 11. పోనీ, వెంట నుంచుకొన్నచో భయములేదా యనిన, 2018 మార్చిలో హ్యూస్టను నుండి న్యూయార్కు పోవు విమానములో ఒక కుటుంబమువారి ఫ్రెంచి బుల్‌డాగు పిల్లను బుట్టతో సహా తలపైనుండు సామానుల పెట్టెలో పెట్టించిరట. దిగునప్పుడు తెఱచి చూడగా అది ప్రాణములతో లేదు. ఇది చదివిన రాత్రి మొదలు మావారు విమానపు టిక్కెట్ల మాట యెత్తలేదు.

మా ఆడపడుచు బెంగుళూరులో నుండును. చిట్టి మాట చెప్పగానే ఆమె టెలిఫోనులో కొంతసేపు పలుకలేదు. పిమ్మట ఏడ్చుచు, రెండేండ్లుగా సిగ్గుచే దాచుకొన్న సంగతి చెప్పినది. తన పర్షియను పిల్లిని ఆమె విమానములో కాళ్ళకడనే బుట్టలో నుంచుకొని ఢిల్లీకి తీసికొనిపోయినదట. అది అఱచినచో తోడివారికి ఇబ్బందియని ఎవరో చెప్పగా, నిద్రమాత్ర సగము పాలలో కలిపి పోసినదట. నడిదారిలో చేయి పెట్టి చూచునప్పటికి పిల్లి నోరు తెఱచి రొప్పుచున్నది, చిగుళ్ళు తెల్లబడినవి. కుక్క రొప్పుట సహజము గాని, పిల్లి నోరు తెఱచి ఊపిరి పీల్చెననిన అది ఆపదయే. ప్రక్కవారు లేచి చోటిచ్చిరి. పైనుండి వచ్చు చల్లగాలిని బుట్టవైపునకు త్రిప్పిరి. ఈమె తడిగుడ్డతో పాదములు తుడుచుచు దిగువఱకు దేవుని తలచుకొన్నదట. పిల్లి బ్రదికినది. మత్తుమందు ఊపిరిని, రక్తపుపోటును తగ్గించుటయేగాక ఒంటివేడిని సర్దుకొను శక్తిని కూడ చెఱచును. విమానప్రయాణమునకు అట్టి మందులు తగవని అమెరికా పశువైద్య సంఘమువారును చెప్పుచున్నారు. ఆమెకు ఆనాడు చెప్పినవారు లేరు.

సముద్రము దాటి సంసారము తరలించుకొను సోదరీమణులకు రైలు లేదు గనుక రెండు మాటలు వ్రాయుచున్నాము. ముందుగా ముక్కును గొంతును పరీక్ష చేయింపుడు. రంధ్రములను వెడల్పు చేయుటకును, అంగిటి పొరను కుఱుచ చేయుటకును శస్త్రచికిత్స యున్నది. అది మానిన పిమ్మటనే ప్రయాణము. వేసవి వలదు. నడుమ దిగి మాఱు విమానము వలదు. బోను తలుపు తెఱచి నెలదినములు ముందే యింట నుంచి, అందులోనే అన్నము పెట్టినచో దానిని తన గదిగా నెంచుకొనును. మెడపట్టీ తీసి ఱొమ్ముపట్టీ వేయుడు. ఇన్నియు చేసినను భయము పోదు, కొంత తగ్గును.

మేము రైలునే నమ్ముకొంటిమి. మన రైళ్ళలో ఏ.సీ. మొదటి తరగతిలో రెండు బెర్తుల కూపేగాని, నాలుగు బెర్తుల గదిగాని అంతయు మనదే యైనచో కుక్కను వెంట నుంచుకొనవచ్చును. లేనియెడల గార్డు పెట్టెలోని కుక్కల అరలో పంపవలెను; దానికంటె విమానమే నయమేమో! ఎండలు తగ్గువఱకు, శ్రావణము దనుక ఆగితిమి. ఈలోపల వైద్యురాలి యాజ్ఞపై అత్తగారి నెయ్యన్నము మాన్పించినాము. ఆమె అలిగిరి, చిట్టి యంతకంటె అలిగెను. అయినను రెండు కిలోలు తగ్గినది. మావారు కూపే కొఱకు ముందుగా అర్జీ పెట్టిరి. చార్టు వచ్చువఱకు దొరకునో లేదో తెలియక మా యింట ఎవరికిని అన్నము సయింపలేదు. ప్రయాణమునాడు పార్సెలు ఆఫీసులో టీకాల కాగితమును, వైద్యురాలి పత్రమును చూపి, చిట్టికి రుసుము చెల్లించి, నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్సు ఎక్కితిమి.

పగలు సుఖముగానే గడచినది. నాగపూరులో ప్లాటుఫారముపై దింపగా నాలుగడుగులు వేసి, తాను వచ్చిన పని జ్ఞప్తికి వచ్చినట్లు తిరిగి పెట్టెవైపునకే లాగినది. భోపాలు దాటిన పిమ్మట మావారు నిద్రించిరి. మాకు నిద్ర పట్టలేదు. చిట్టి మా కాళ్ళకడ గురక పెట్టుచున్నది. తొమ్మిదేండ్లు విన్న గురకయే. నడుమ నడుమ ఊపిరి ఆగి, గొంతులో ఏదో తెగినట్లు మరల సాగుచున్నది. అది ఆగినప్పుడెల్ల మేమును ఊపిరి బిగబట్టి, తిరిగి వినబడువఱకు చీకటిలో కూర్చుంటిమి. ఇంతకుముందును అట్లే ఆగుచుండెడిదేమో. మేము వినినది నవ్వుకొనుటకే గదా.

ఢిల్లీ ప్లాటుఫారముపై అమ్మాయిని చూచి చిట్టి చేసిన అల్లరి వ్రాసినచో పుటలు చాలవు. ఇంటికి చేరి, చల్లని నీరు త్రాగించిన పిమ్మట అమ్మాయి, "రెండు గంటల్లో వచ్చేదాన్ని ఇరవయ్యారు గంటలు తిప్పారు కదమ్మా!" అని నవ్వెను. మేము మాటాడక చిట్టి గడ్డము పట్టి యెత్తి, కిటికీ వెలుతురులో ముక్కు చూపితిమి. అమ్మాయి చాలసేపు చూచినది.

భాద్రపదమున శస్త్రచికిత్స జరిగినది. తొమ్మిదేండ్ల కుక్కకు మత్తు ఇచ్చుట యనిన ఆ పూటంతయు మాకు టెలిఫోను చెంతనే గడచినది. కుట్లు మానినవి; గురక పూర్తిగ పోలేదు గాని సగమైనదట. నిన్న రాత్రి అమ్మాయి టెలిఫోను చేసి, "దసరాకి దీన్ని తీసుకొస్తానమ్మా. కూపే దొరుకుతుందంటావా?" అని యడిగినది. మావారు అర్జీ వ్రాయుచున్నారు.