అడిగి నేర్పిన గురువు

మయూర్ విహార్ మొదటి దశలో మేముండే గృహసముదాయంలో ఆదివారం ఉదయం పిల్లలకు నీతిపాఠాలు చెప్పే బాధ్యత కొంతకాలం నాపై పడింది. చరిత్రలో స్నాతకోత్తర పట్టా పొందినవాణ్ణి గనుక, అశోకుని శాసనాలు మొదలు అక్బరు ఇబాదత్ ఖానా వరకు మతసామరస్యాన్ని ధారాళంగా ఉపన్యసించాను. పిల్లలు వినయంగానే కూర్చునేవారు. చూపు మాత్రం గడియారంపై ఉండేది.

వెనుక వరుసలో కూర్చునే మా పొరుగింటి పెద్దాయన ఒకనాడు, "బాబూ, మీరు చెప్పింది బాగుంది. వాళ్ళను ఒక్క మాటైనా అడిగారా?" అన్నారు. ఆయన స్వస్థలం సైనికుల గ్రామంగా పేరొందిన పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. సైన్యంలో ధర్మగురువుగా పనిచేసి, సుబేదారుగా విశ్రాంతి పొందారు.

మన సైన్యంలో పండితుడు, గ్రంథి, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ గురువు నాయబ్ సుబేదారు హోదాలో చేరతారు. పుణేలోని జాతీయ సమైక్యతా సంస్థలో వారికి శిక్షణ ఇస్తారు. ఇతర మతాల ఆచారాలను కూడా వారక్కడ తెలుసుకుంటారు. అనేక దళాలలో అన్ని మతాల ప్రార్థనకూ ఒకే కప్పు కింద 'సర్వధర్మ స్థలం' ఉంటుంది. నేను పుస్తకాలలో చదివిన సామరస్యం ఆయనకు నిత్యవిధి.

"మొదట్లో నేనూ మీలాగే ఉపన్యాసాలిచ్చాను. కవాతు చేసి అలసిన జవాన్లు కూర్చునే నిద్రపోయేవారు" అని ఆయన నవ్వారు. తరువాత పద్ధతి మార్చారట. వారానికొక జవాను తన ఇంటి ఆచారాన్ని చెప్పాలి, మిగిలినవారు ప్రశ్నించాలి. పుట్టుక, పెళ్ళి, పంట, చావు, ఏదైనా సరే. గీత కూడా యుద్ధభూమిలో ఒక యోధుని ప్రశ్నలతోనే సాగిందని వారికి గుర్తుచేసేవారట.

1990వ దశకంలో లడఖ్‌లోని ఒక ఎత్తైన స్థావరంలో ఒక ముస్లిం జవాను జబ్బుచేసి మరణించాడు. ఆ దళంలో ఆ మతస్థుడు అతడొక్కడే. మంచు కారణంగా హెలికాప్టరు రాలేదు. ఏం చేయాలో ఎవరూ సుబేదారు గారిని అడగలేదు. ఒకడు తెల్లని వస్త్రం తెచ్చాడు. మరొకడు ముఖాన్ని పడమటికి తిప్పాడు. కొద్ది నెలల క్రితం అతడే తన వంతు వచ్చినప్పుడు ఆ సంగతులన్నీ వారికి చెప్పాడు. మూడవ రోజున దేహాన్ని స్వగ్రామానికి పంపేవరకు వంతులవారీగా కాపలా ఉన్నారు.

"నేను నేర్పింది కాదు బాబూ. అతడే నేర్పి పోయాడు" అంటూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మరుసటి ఆదివారం నేను శాసనాల పుస్తకాన్ని ఇంట్లోనే ఉంచి వెళ్ళాను. "మీ ఇంట్లో ఎవరైనా దూరమైనప్పుడు ఏం చేశారు?" అని అడిగి ఊరకున్నాను. చాలాసేపు నిశ్శబ్దం. ఎన్నడూ నోరు విప్పని ఒక బాలిక లేచి, తాతగారి పాత చేతికర్ర గురించి చెప్పసాగింది. ఆనాడు గడియారం వైపు ఎవరూ చూడలేదు.