లేబుల్ మీద స్థానిక నామం

హెర్బేరియంలో తూర్పు ఆసియా నుంచి వచ్చిన పాత షీట్ల లేబుళ్లు చదివి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. సాంబూకస్ మొక్కల కట్ట విప్పితే చాలా షీట్ల మీద అవే మూడు చైనా అక్షరాలు: అతుకు, ఎముక, చెట్టు. ఇంగ్లీషులో ఎల్డర్ అనే పొద ఇదే. చైనావారు ఆ అక్షరాలను జ్యేగుము అని చదువుతారు, కొరియావారు జొప్‌గోల్‌మోక్ అని. జపానులో మందు పేరైతే సెక్కొత్సుబోకు, పొద పేరైతే నివాతోకో. అందుకే ముందు సేకరించిన చోటు, తేదీ చూసుకుని, ఆ తర్వాతే పేరు ఎక్కిస్తాను.

ఆ అక్షరాలు వైద్యులవి. 659లో పూర్తయిన, చైనా తాంగ్ రాజుల ఔషధ గ్రంథంలో ఈ చెట్టు ఉంది. విరిగిన ఎముకలకూ బెణుకులకూ దీని కొమ్మలు వాడేవారు. మనవైపు ఆ పని నల్లేరుది.

జపానులో ఇంకా పాత పేరొకటి ఉంది, యామతజు. 712 నాటి కొజికి అనే గ్రంథంలో ఒక రాజకుమారి, దూరదేశానికి వెళ్లగొట్టిన ప్రియుడి కోసం ఇక ఎదురుచూడలేను, నేనే ఎదురెళ్తానని పాడే పాటలో ఈ చెట్టు వస్తుంది. దీని ఆకులు కొమ్మకు అటూ ఇటూ ఎదురెదురుగా పుడతాయి. ఎదురెళ్లడమనే మాటకు ముందు యామతజు రావడానికి కారణం అదే అంటారు. ఎండి గోధుమరంగుకు తిరిగిన షీటు మీద కూడా ఆ జంటలు చెదరవు. నాకు ఈ కట్టలో అన్నిటికన్నా ఇష్టమైన పేరు ఇది.

కొరియా షీట్లతోనే పని ఎక్కువ. జపాను పాలనలో నకాయి వంటి జపాను శాస్త్రజ్ఞులు అక్కడి మొక్కలకు పేర్లు పెట్టారు. ఆనాటి లేబుళ్లలో జపాను పేరుంటుంది, ఊరివాళ్లు పిలిచే పేరుండదు. 1937లో నలుగురు కొరియా వృక్షశాస్త్రజ్ఞులు తమ భాషలోని మొక్కల పేర్లు కూర్చి పుస్తకం వేశారు. పరాయి పాలనలో అది చిన్న పని కాదు.

ఊరివాళ్ల పేరు తక్‌చొంగ్‌నాము, అంటే పిల్లల ఆటతుపాకీ చెట్టు. కొమ్మ లోపల జీలుగు బెండులా మెత్తటి తెల్లటి బెండు ఉంటుంది. పుల్లతో తోసేస్తే గొట్టం మిగులుతుంది. కొమ్మ విరిస్తే తక్కుమంటుంది కనుక ఆ పేరని చెప్పేవాళ్లూ ఉన్నారు. లాటిన్ పేరుండగా ఇవన్నీ ఎందుకని తోటివాళ్లు అడుగుతుంటారు. ఆ లాటిన్ వర్గీకరణే నిలకడగా లేదు. నేను చదువుకునేటప్పుడు ఈ పొద కాప్రిఫోలియేసీ కుటుంబంలో ఉండేది, తర్వాత అడాక్సేసీలోకి మార్చారు. జ్యేగుము మాత్రం జ్యేగుముగానే ఉంది. జపాను లేబులును ఉన్నదున్నట్టు ఎక్కించి, పక్కన కొరియా పేరూ చేరుస్తాను.

ఉల్లుంగ్ దీవి షీట్లు వస్తే ఇంకా జాగ్రత్త పడాలి. అక్కడి ఎల్డర్‌ను గుర్రపు మూత్రం చెట్టు అంటారు. దాదాపు అదే పేరు యూస్కాఫిస్ అనే వేరే చెట్టుకూ ఉంది, దాని ఆకులూ ఎదురెదురే. కాయ చూసి తేల్చాలి. ఎల్డర్‌వి రసం నిండిన చిన్న ఎర్రపండ్లు. యూస్కాఫిస్‌ది ఎర్రటి తొక్క పగిలి నల్లగింజ బయటపడే కాయ.