కేప్‌టౌన్: విగ్రహం తొలగిన చోట

కేప్‌టౌన్ నగరానికి వెన్నుగోడలా నిలిచిన కొండను టేబుల్ మౌంటెన్ అంటారు. దాని తూర్పు వాలులో, డెవిల్స్ పీక్ అనే శిఖరం పాదాల చెంత, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం మెట్లు మెట్లుగా పరచుకొని ఉంది. 1829లో ఒక కళాశాలగా మొదలై, 1918లో విశ్వవిద్యాలయంగా మారిన విద్యాసంస్థ అది. తీగలు అల్లుకున్న రాతి భవనాలు, మధ్యన ఎత్తయిన స్తంభాల సభామందిరం, దాని ముందు విశాలమైన మెట్లు. ఆ మెట్లపై విద్యార్థులు గుంపులు గుంపులుగా కూర్చొని ఉన్నారు. ఏ రంగువారు ఏ రంగువారి పక్కన కూర్చున్నారో చూడకూడదనుకుంటూనే మేము చూశాము.

ఒక బంధువు ఇంట నికాహ్ నిమిత్తం మేమిద్దరమూ, మా అమ్మాయితో కలిసి ఆ నగరానికి వెళ్లాము. అమ్మాయి ఇంటర్మీడియట్ ముగించి విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టబోతోంది. కనుక వేడుకల నడుమ దొరికిన ఒక రోజును, ఆమె కోరిక మేరకు, ఈ ప్రాంగణానికి కేటాయించాము.

మెట్ల దిగువన సెసిల్ రోడ్స్ విగ్రహం ఉండిన చోటు ఖాళీగా ఉంది. వజ్రాల గనులతో అపార సంపద గడించి, 1890 నుండి 1896 వరకు కేప్ కాలనీకి ప్రధానమంత్రిగా పనిచేసిన ఈ ఆంగ్లేయుడు తన ఎస్టేటును జాతికి రాసి ఇచ్చాడు. విశ్వవిద్యాలయం నిలిచిన నేల అందులోనిదే. నల్లవారి భూమిని, ఓటును కుదించిన చట్టాలలోనూ ఆయన హస్తం ఉంది. 1934లో ప్రతిష్ఠించిన ఆ కంచు విగ్రహం గడ్డం కింద చెయ్యి ఆనించుకొని, దిగువన పరచుకొన్న మైదానాల వైపు చూస్తూ కూర్చొని ఉండేది. వర్ణవివక్ష పాలనలో నగరం నుండి వెళ్లగొట్టిన కుటుంబాలు ఎన్నో స్థిరపడినది ఆ మైదానాలలోనే. 2015 మార్చి 9న ఒక విద్యార్థి, మరుగుదొడ్లకు నోచుకోని పేదల వాడ నుండి మలం నింపిన డబ్బా తెచ్చి ఆ విగ్రహంపై కుమ్మరించాడు. సరిగ్గా నెల రోజులకు, ఏప్రిల్ 9న, క్రేను వచ్చి విగ్రహాన్ని తొలగించింది.

మెట్ల పైనున్న మందిరానికి రోడ్స్ అనుచరుడైన జేమ్సన్ పేరు ఉండేది. 2018 చివర దానిని సారా బార్ట్‌మన్ మందిరంగా మార్చారు. ఆమె ఖోయ్ తెగకు చెందిన ఒక పేద స్త్రీ. 1810లో ఆమెను లండన్‌కు తీసుకుపోయి, ఆమె దేహాకృతిని వింతగా చూపి డబ్బులు చేసుకొన్నారు. 1815లో పారిస్‌లో మరణించిన తరువాత కూడా ఆమెకు విముక్తి లభించలేదు. ఆమె అస్థిపంజరాన్ని 1974 వరకు అక్కడి మ్యూజియంలో ప్రదర్శనకు ఉంచారు. 2002లో గాని ఆమె అవశేషాలు స్వదేశపు మట్టిని చేరలేదు. నేడు పట్టాలు అందుకొనే విద్యార్థులు ఆమె పేరు గల ద్వారం గుండా లోనికి వెళుతున్నారు.

"పేరు మారింది సరే అబ్బా, లోపల ఉండే మనుషుల అలవాటు మారిందా?" అని అడిగింది మా అమ్మాయి.

ఆ ప్రశ్నకు సమాధానం ఒక్క మాటలో దొరికేది కాదు. ఒక విద్యాసంస్థలో రెండు రకాల నియమాలు ఉంటాయి. కాగితంపై రాసినవి కొన్ని, ఎవరూ రాయకుండానే అందరూ పాటించేవి కొన్ని. మొదటి రకాన్ని ఒక్క సంతకంతో రద్దు చేయవచ్చు. రెండవ రకం గోడల్లో, గదుల్లో, చూపుల్లో దాగి ఉంటుంది.

రాసిన నియమం సంగతే ముందు చూద్దాము. 1959 నాటి చట్టం ప్రకారం, మంత్రి అనుమతి లేనిదే నల్లజాతి విద్యార్థి ఈ విశ్వవిద్యాలయంలో చేరడానికి వీలు లేకపోయింది. ఒక్కో జాతికి ఒక్కో విద్యాసంస్థను వేరు చేశారు. ఈ వేరుపాటు మన తెలుగువారినీ తాకింది. 1860 నుండి మద్రాసు రేవు గుండా నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా తరలిన వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. వారి మనుమలు ఉన్నత విద్యకు తగినవారయ్యేసరికి, భారతీయుల కోసమని 1961లో డర్బన్ రేవులోని సాలిస్‌బరీ ద్వీపంలో, నౌకాదళం వదిలిన పాత బారకాసులలో ఒక కళాశాల తెరిచారు. పడవ దాటి పాఠానికి పోవలసిన స్థితి వారిది.

చట్టం చేయని పనిని సంస్థ భయం చేసిన సందర్భమూ ఉంది. 1968లో ఆర్చీ మఫేజే అనే నల్లజాతి పండితుణ్ణి ఈ విశ్వవిద్యాలయం మానవశాస్త్ర విభాగంలో సీనియర్ లెక్చరర్‌గా ఎంపిక చేసింది. ప్రభుత్వం బెదిరించగానే పాలకమండలి తన నిర్ణయాన్ని తానే వెనక్కు తీసుకొంది. వందలాది విద్యార్థులు, అత్యధికులు తెల్లవారే, పరిపాలనా భవనంలో తొమ్మిది రోజులు బైఠాయించినా ఫలితం లేకపోయింది. మఫేజే పరదేశాలలో పేరుపొందిన ఆచార్యుడై, 2007లో కన్నుమూశారు. 2008లో విశ్వవిద్యాలయం ఆయన కుటుంబానికి క్షమాపణ చెప్పి, విద్యార్థులు బైఠాయించిన భవనంలోని గదికి ఆయన పేరు పెట్టింది. క్షమాపణ వచ్చింది గాని, దానిని అందుకోవలసిన మనిషి అప్పటికి లేడు.

1994లో వర్ణవివక్ష పాలన అంతమైంది. 1996లో మాంఫేలా రాంఫేలే ఇక్కడి వైస్ ఛాన్సలర్ పదవిని అధిష్ఠించిన తొలి నల్లజాతి మహిళ అయ్యారు. అదే ఏడు, ఉగాండాలో పెరిగిన భారత సంతతి ముస్లిం మేధావి మహమూద్ మమ్దానీ ఆఫ్రికా అధ్యయనాల ఆచార్యుడిగా ఇక్కడికి వచ్చారు. ఆఫ్రికా గురించి తొలి ఏటి విద్యార్థులకు ఏమి బోధించాలి, అందులో ఆఫ్రికా పండితుల రచనలకు చోటు ఎంత అన్న విషయమై సహోద్యోగులతో ఆయనకు తీవ్ర వివాదం తలెత్తింది. చివరకు ఆయన వెళ్లిపోయారు. తలుపు తెరచినంత మాత్రాన లోపలి పుస్తకాల అర మారదని ఆ వివాదం లోకానికి చాటింది.

2008లో ఫ్రీ స్టేట్ విశ్వవిద్యాలయంలోని ఒక వసతి గృహంలో తెల్లజాతి విద్యార్థులు ఐదుగురు నల్లజాతి కార్మికులను అవమానిస్తూ తీసిన వీడియో బయటపడింది. ప్రభుత్వం నియమించిన సంఘం దేశంలోని విశ్వవిద్యాలయాలన్నిటినీ పరిశీలించి, జాతివివక్ష ఆ ఒక్క హాస్టలుకే పరిమితం కాదని, అన్నిచోట్లా పాతుకుపోయి ఉందని నివేదించింది. వర్ణవివక్ష పాలన అంతమై అప్పటికి పద్నాలుగేళ్లు.

మధ్యాహ్నం మేము కొండ దిగి, గ్రూటె స్కూర్ ఆసుపత్రి పక్కనున్న వైద్య కళాశాల వైపు నడిచాము. 1967లో ప్రపంచపు తొలి మానవ గుండె మార్పిడి జరిగిన ఆసుపత్రి ఇదే. ఆ కాలంలో ఇక్కడ చదివిన నల్లజాతి, భారతీయ, కేప్ ముస్లిం విద్యార్థులు తెల్లజాతి రోగుల వార్డులలోకి వెళ్లరాదు. శవపరీక్ష బల్లపై తెల్లజాతి దేహం ఉన్నపుడు వారు గది విడిచి బయటకు పోవలసిందే. ప్రాణం పోయిన దేహాన్ని సైతం వారి చూపు తాకరాదన్నమాట! 2002లో వైద్య విభాగం ఈ అన్యాయాలను ఒప్పుకొని, సమానత్వానికి కట్టుబడతామని ఒక ప్రతిజ్ఞాపత్రం స్వీకరించింది.

అక్కడితో లెక్క తీరలేదు. 2017లో ఆ విభాగపు అస్థిపంజరాల భాండారాన్ని తనిఖీ చేయగా, 1920లలో సదర్లాండ్ అనే ఊరి పరిసర సమాధుల నుండి తవ్వి తెచ్చిన తొమ్మిదిమంది శాన్, ఖోయ్ ప్రజల అవశేషాలు అందులో ఉన్నట్లు తేలింది. వాటిని గుట్టుగా దాచివేయడానికి వీలుండేది. అలా చేయక, 2018లో విశ్వవిద్యాలయం విషయాన్ని బహిరంగపరచింది. వారి వంశీకులను వెదకి, వారి సమ్మతితో, వారు కోరిన రీతిలో, 2023 నవంబరులో ఆ తొమ్మిదిమందిని స్వగ్రామంలో తిరిగి ఖననం చేశారు. మరణించినవారి దేహానికి గౌరవం ఎంత ముఖ్యమో ఎరిగిన మనకు ఆ కార్యపు బరువు వేరుగా చెప్పనక్కరలేదు. మా అమ్మాయి ప్రశ్నకు మాకు దొరికిన మంచి సమాధానం ఇదే. విగ్రహం కదలడానికి నెల పట్టింది. ఈ తొమ్మిదిమంది ఇంటికి చేరడానికి ఆరేళ్ల ఓపిక పట్టింది. అలవాటు మారడమంటే ఈ రెండవ పని.

సాయంత్రం బో-కాప్ పేటకు చేరుకొన్నాము. రంగు రంగుల ఇళ్ల నడుమ డార్ప్ వీధిలో అవ్వల్ మస్జిద్ ఉంది. దక్షిణాఫ్రికాలో మొట్టమొదటి మస్జిద్ అది. డచ్చివారు బానిసలుగా, ఖైదీలుగా తెచ్చిన వారి సంతతి ఇక్కడివారు. జావా, బెంగాల్‌లతో పాటు మన కోరమాండల్ తీరం నుండి కూడా మనుషులను ఓడలకెక్కించి ఇక్కడ అమ్మారు. ఇండోనేషియా దీవుల నుండి బందీగా వచ్చి, రాబెన్ ద్వీపపు చెరలో ఉండి విడుదలైన తువాన్ గురు, 1793లో ఇదే వీధిలో ఒక మద్రసా నెలకొల్పారు. బానిసల పిల్లలకు, విముక్తుల పిల్లలకు అక్షరం దొరికిన చోటు అది. జ్ఞాపకం నుండి ఆయన స్వహస్తాలతో రాసిన దివ్య ఖుర్ఆన్ ప్రతి ఆ మస్జిద్‌లో భద్రంగా ఉంది.

మగ్రిబ్ నమాజులో మా పక్కన నిలిచిన యువకుడు నల్లజాతివాడు. భుజం భుజానికి తగిలింది. సలామ్ చెప్పి తల తిప్పినపుడు అతని ముఖం చూసి మాకు ఇంకొక ముఖం గుర్తుకు వచ్చింది.

పాఠకుల ముందు దాచడం ధర్మం కాదు. హైదరాబాదులో మా ఇంటి పై పోర్షన్ ఖాళీగా ఉన్న రోజులలో, ఒక సూడాన్ విద్యార్థి టూలెట్ బోర్డు చూసి వచ్చాడు. మా వీధి మస్జిద్‌లో మాతో ఒకే వరుసలో నిలిచేవాడే. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. మేమిద్దరమూ ముఖముఖాలు చూసుకొని, "ఇప్పుడే ఇచ్చేశాము నాయనా" అన్నాము. ఇల్లు మరో రెండు నెలలు ఖాళీగానే ఉంది. అతడు రోజూ ఆ బోర్డు ముందు నుంచే కళాశాలకు వెళ్లేవాడు. చూసినపుడల్లా తానే ముందుగా సలామ్ చెప్పేవాడు. హజ్రత్ బిలాల్ (రజి) వృత్తాంతాన్ని పిల్లలకు ఎన్నిమార్లు చెప్పామో లెక్కలేదు. మా గుమ్మానికి మాత్రం ఎవరూ రాయని నియమం ఒకటి ఉంది. దానిని రాసినవారము మేమే.

మస్జిద్ మెట్లు దిగుతూ ఈ సంగతి మా అమ్మాయికి చెప్పాము. ఆమెకు అది ముందే తెలుసు. ఆ రోజు తలుపు చాటున నిలబడి విన్నదట. "మీరు అబద్ధం చెప్పారని కాదు అబ్బా, ఆ తరువాత ఆయన సలామ్‌కు జవాబు ఎలా చెప్పగలిగారా అని అనుకునేదాన్ని" అంది.

తిరిగి వచ్చాక ఆ విద్యార్థి కోసం విచారించాము. చదువు ముగించుకొని స్వదేశానికి వెళ్లిపోయాడన్నారు. చిరునామా ఎవరి వద్దా లేదు. విశ్వవిద్యాలయానికి క్షమాపణ చెప్పడానికి మఫేజే కుటుంబమైనా మిగిలింది. మాకు ఆ అవకాశమూ లేదు. పై పోర్షన్ మళ్లీ ఖాళీ అయినపుడు బ్రోకరును పిలిచి, వచ్చినవారి కాగితాలు చూడమని, దేశమూ రంగూ చూడవద్దని చెప్పాము. అతడు నమ్మలేనట్లు మరోసారి అడిగాడు. మేము మరోసారి చెప్పాము.

మా అమ్మాయి హాస్టలు దరఖాస్తు నింపుతున్నది. గదిలో ఎవరితో ఉండాలనుకుంటున్నారన్న చోట ఆమె ఏమీ రాయకుండా వదిలేసింది. మేమూ రాయమనలేదు.