పగిలిన చట్టి



కోత పండుగ ప్రేమ విందుకు మన కుమ్మరి సహోదరుడు పెద్ద చట్టి చేసిచ్చాడు. చేపల పులుసు సగం ఉడికేసరికి అది పగిలి, పులుసంతా పొయ్యిపాలైంది. మట్టి మంచిది కాదని అతను వింటుండగానే అనేశాం.

మర్నాడు వంట చేసిన అక్క అతని ఇంటికి వెళ్లింది. కొత్త చట్టిని రాత్రంతా నానబెట్టి, గంజి కాచి, సన్న సెగకు అలవాటు చేయాలట. మేము తొందరపడి ఒకేసారి పెద్ద మంట పెట్టాం. గరిటె తిరగడానికి మూతి వెడల్పు కావాలని అక్కా చెప్పింది. యిర్మీయా 18వ అధ్యాయం మీద ఎన్ని ప్రసంగాలు చేశామో! కుమ్మరి ఇంటి గడప తొక్కింది మాత్రం అక్క ఒక్కతే.

క్రిస్మస్‌కి వెడల్పు మూతితో కొత్త చట్టి తెచ్చాడు. పంక్తిలో అతని పక్కన కూర్చుని, ఆనాటి మాటకు క్షమించమన్నాం.

"ముందు పులుసు పోసుకోండి అయ్యగారూ" అన్నాడు.