గోత్రం అడగని జలం

మాఘ శుద్ధ అష్టమి నాడు భీష్మునికి తర్పణం విడుస్తాము. సంతానం లేని ఆ గంగాపుత్రునికి ఆనాడు లోకమంతా సంతానమే. తండ్రి జీవించి ఉన్నవారు సైతం ఈ జలాంజలి సమర్పించవచ్చునని పెద్దలు చెబుతారు.

2022 ఫిబ్రవరి 8న చీపురుపల్లిలో మా పెరటిలో తర్పణానికి కూర్చున్నాను. భీష్మునికి అర్ఘ్యం విడిచి మరల దోసిలి నింపగానే శ్రీనివాసరావుగారు స్మరణకు వచ్చారు. ఆయన మా విజయనగరం చెంతనున్న చింతలవలస ఏపీఎస్పీ ఐదవ పటాలపు కానిస్టేబుల్. రాష్ట్ర విపత్తు స్పందన దళంలో పనిచేసేవారు. 2021 నవంబరులో, కార్తిక పౌర్ణమి దినాలలో, పెన్న పొంగినప్పుడు నెల్లూరు జిల్లా దామరమడుగులో వరద బాధితులను రక్షించబోయి ఆ నీటిలోనే ప్రాణాలు విడిచారు. అది ప్లవనామ సంవత్సరం. ప్లవమంటే నావ. నావ చేరని చోటికి ఆయన చేరబోయారు.

ఆ వార్త విన్ననాడు "అది వారి ఉద్యోగధర్మం" అని ఒక్క మాటతో ముగించినవాడను నేనే. ఆ మాట దోసిలిలోని నీటికన్న బరువుగా తోచింది. జీతం శ్రమకు ఇస్తారు, ప్రాణానికి ఎవరివ్వగలరు? స్వకర్మతోనే ఈశ్వరుని అర్చించమని గీత బోధిస్తుంది. నేను పుష్పంతో అర్చిస్తాను. ఆయన అర్చనలో దేహమే పుష్పమయింది.

అయినా సందేహం వదలలేదు. సగోత్రుడను కాను, బంధువును కాను. ఆయనకు నీరు విడిచే అధికారం నాకున్నదా? ప్రాణం తీసిన నీటినే అర్పించడం ఎట్లు?

అప్పుడు భాగవతంలోని రంతిదేవుడు జ్ఞప్తికి వచ్చాడు. నలభైఎనిమిది దినాలు నీరు సైతం లేక కృశించిన ఆ రాజు, చివరకు దొరికిన గుక్కెడు నీటిని దప్పిగొన్న పుల్కసునికి ఇచ్చివేశాడు. కులం చూడలేదు, దాహం చూశాడు. వరదలో చాచిన చేతిని పట్టుకొనేవాడు కూడా గోత్రం అడగడు. అట్టివానిని స్మరించడానికి నేను గోత్రం వెదకడమేమిటి? ఆయన కుటుంబీకులు చేసే పితృకర్మ వారిది. ఇది ఋణపడినవాడు చేసే నమస్కారం. జలమూ నారాయణ స్వరూపమే; దానిపై కోపమెందుకు?

తిలలు లేకుండా, మంత్రం లేకుండా, ఆయన నామం పలికి నీరు విడిచాను. ఏటా భీష్మాష్టమి నాడు ఆ ఒక్క దోసిలి విడుస్తూనే ఉన్నాను. ప్రవాహంలోనో, అగ్నిలోనో పరుల కొరకు దిగి తిరిగి రాని వారందరికీ అందులో భాగమున్నది.

స్వస్తి.